ఖనిజ లవణ ఇటుక

పశువు తనకు కావలసినప్పుడు కావలసినంత నాక్కునేలా సావిడిలో వేలాడదీసే ఉప్పు, ఖనిజాల దిమ్మను ఖనిజ లవణ ఇటుక అంటారు. రైతుల మాటల్లో అది ఉప్పు ఇటుక. అవే ఖనిజాలు పొడిగా సంచుల్లో వస్తే మినరల్ మిక్చర్. రెండింటి పనీ ఒకటే: మేతలో లేని కాల్షియం, భాస్వరం, సోడియం, గంధకం, రాగి, జింకు, కోబాల్టు, అయోడిన్ వంటివి అందించి అరుగుదలను నిలబెట్టడం. అందించే తీరులోనే తేడా ఉంది. పొడిని మనిషి కొలిచి పెడతాడు. ఇటుక దగ్గర కొలత పశువు చేతికి వెళుతుంది. ఆ కొలతను పశువుకు ఎంతవరకు వదిలేయవచ్చు అన్నదే ఈ విషయంలో అసలు ప్రశ్న.

సామర్లకోట మేత

కాకినాడ జిల్లాలోని సామర్లకోటను ఉదాహరణగా తీసుకుంటే, అది రెండు నేలలు కలిసే చోట ఉంది. దక్షిణాన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువల కింద వరి పండే డెల్టా, ఉత్తరాన పెద్దాపురం వైపు మెట్ట. మెట్ట పశువుకు పోరంబోకులో, తోటల్లో పదిరకాల ఆకు దొరుకుతుంది. డెల్టా గేదెకు మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు గడ్డిమేటే దిక్కు. కోత అయ్యాక కొయ్యకాళ్ళ మీద, గట్ల మీద మేసినా కడుపు నింపేది ఎండు వరిగడ్డే.

వరిగడ్డి కడుపు నింపుతుంది కాని ఒంటికి పట్టదు. మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు. భాస్వరం మరీ తక్కువ. కాల్షియం కొంత ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. ఇసుక జాతి సిలికా ఎక్కువ కావడంతో పీచు తొందరగా అరగదు. పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం లేశమాత్రం. ఏళ్ళ తరబడి నీరు నిలిచే వరి మాగాణుల్లో జింకు లోపం సర్వసాధారణం, ఆ లోటు గడ్డిలోకీ వస్తుంది.

పాత రైతులు దీనికి తమ పద్ధతిలో జవాబు వెతుక్కున్నారు. వరి తరువాత పొలంలో జనుము, పిల్లిపెసర చల్లేవారు. ఈ కాయజాతి మేతల్లో కాల్షియం బాగా ఉంటుంది. కుడితి తొట్టిలో తవుడు, బియ్యం కడుగు, గుప్పెడు కల్లుప్పు వేసేవారు. తవుడులో భాస్వరం ఉంది. అది కోళ్ళకు సరిగా అందని రూపంలో ఉన్నా, నెమరువేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టగలవు. ఉప్పు సోడియం ఇస్తుంది. పిల్లిపెసర, తవుడు, ఉప్పు కలిస్తే వరిగడ్డి లోట్లలో పెద్దవి చాలావరకు పూడుతాయి. కుడితి తొట్టిని ఈ ప్రాంతపు మొదటి మినరల్ మిక్చర్ అనడం అతిశయోక్తి కాదు.

పొట్టలో జరిగేది

ఆవు, గేదె పెద్దపొట్ట వంద లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి. గడ్డిని అరిగించేది పశువు కాదు, అందులోని సూక్ష్మజీవులు. అవి పనిచేసేటప్పుడు ఆమ్లాలు పుడతాయి. వాటిని విరిచేది నెమరుతోపాటు ఊరే లాలాజలం. పెద్ద పశువుకు రోజుకు వంద లీటర్లు దాటి ఊరే ఈ లాలాజలంలో ప్రధానంగా ఉండేది సోడియం బైకార్బనేట్, అంటే మన వంటింటి తినే సోడాయే. ఒంట్లో సోడియం తరిగితే లాలాజలంలో దాని చోటును పొటాషియం ఆక్రమిస్తుంది. లాలాజలానికి కావలసిన సోడియాన్ని ఇచ్చేది ఉప్పు, అందుకే దాన్ని రుచి కోసం వేసేదిగా చూడకూడదు.

సూక్ష్మజీవులకు సొంత ఆకలీ ఉంది. భాస్వరం చాలకపోతే అవి పీచును అరిగించలేవు. గంధకం లేకపోతే మాంసకృత్తులు కట్టలేవు. కోబాల్టు లేకపోతే బి12 విటమిన్ తయారు చేయలేవు. ఎదురుగా పచ్చిక ఉన్నా మేత మానేసి చిక్కిపోయే జబ్బుకు కోబాల్టు లోపమే కారణమని 1935లో పశ్చిమ ఆస్ట్రేలియాలో అండర్‌వుడ్, ఫిల్మర్ తేల్చారు.

పశువుకు తెలుసా?

తనకేది తక్కువైందో సోడియం విషయంలో పశువుకు తెలుసు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త డెరెక్ డెంటన్ గొర్రెల లాలాజలాన్ని బయటికి పోనిచ్చి సోడియం లోటు కలిగిస్తే, అవి సోడియం ఉన్న నీటినే ఎంచుకుని తాగాయి. ఉప్పు కోరిక పుట్టుకతో వచ్చేది.

మిగతా ఖనిజాల సంగతి అలా కాదు. దక్షిణాఫ్రికాలో భాస్వరం లేని బీళ్ళలో మేసే పశువులు కుళ్ళిన ఎముకలు కొరికి, వాటిలోని బోటులిజం విషంతో చచ్చిపోయేవి. భాస్వరం లోపమే ఆ ఎముకల యావకు మూలమని ఆర్నాల్డ్ థైలర్ బృందం 1920ల నాటికి నిరూపించింది. ఎముకల పొడి పెడితే యావ తగ్గింది. కోరిక నిజమే, అయితే అది పశువును మందు దగ్గరికి కాక విషం దగ్గరికి నడిపించింది. మన ఊళ్ళలో గేదె మట్టి, గుడ్డలు, చెప్పులు నమలడం ఇదే కోవలోది. 1970లలో అమెరికాలో పాడి ఆవుల ముందు కాల్షియం, భాస్వరం పెట్టి చూస్తే, అవి తిన్నదానికీ వాటి అవసరానికీ పొంతన కుదరలేదు.

అరుగుదల దగ్గర మరో సూక్ష్మం ఉంది. గింజ ఎక్కువగా తిన్న గొర్రెలు పొట్టలో పులుపును తగ్గించే సోడా ఉన్న మేతనూ నీటినీ ఇష్టపడతాయని ఉటా స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రొవెంజా 1998లో చూపించారు. తిన్నది హాయినిస్తే దాన్ని గుర్తుపెట్టుకునే నేర్పు పశువుకు ఉంది. అలాగని దాన్ని నమ్ముకుని పెళ్ళింట మిగిలిన అన్నం గంపలకొద్దీ గేదెకు పెట్టకూడదు. అంత పిండిపదార్థం ఒక్కసారి పులిస్తే ఇటుక కాపాడలేదు.

నా దృష్టిలో తీర్పు స్పష్టం. ఉప్పును పశువుకు వదిలేయాలి. కాల్షియం, భాస్వరం, సూక్ష్మ ఖనిజాలను మనిషే కొలిచి దాణాలో కలపాలి.

మొలాసిస్ ఇటుక

సామర్లకోట ఒకప్పుడు చక్కెర ఊరు కూడా. అక్కడి దక్కన్ షుగర్స్ ఫ్యాక్టరీ పేరు జిల్లా అంతా తెలిసేది. చక్కెర తీయగా మిగిలే మొలాసిస్‌తో యూరియా, ఖనిజాలు కలిపి చేసే ఇటుక వరిగడ్డి పశువుకు సరిగ్గా అతుకుతుంది. ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 1980లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. సుమారుగా మొలాసిస్ 45 పాళ్ళు, యూరియా 15, మినరల్ మిక్చర్ 15, ఉప్పు 8, మిగిలింది పత్తిచెక్క, సున్నపురాయి పొడి, బంకమట్టి. యూరియా సూక్ష్మజీవులకు నత్రజని, మొలాసిస్ తక్షణ శక్తి. ఇటుక గట్టిగా ఉండటమే ఇక్కడ రక్షణ: మెల్లగా నాకితే యూరియా మేలు, మెత్తబడి ముక్కలుగా తింటే విషం. ఆరు నెలలలోపు దూడకు, గుర్రానికి, పందికి పెట్టకూడదు. నీళ్ళలో కలపనే కూడదు.

కొలతలు, జాగ్రత్తలు

మినరల్ మిక్చర్ దూడకు రోజుకు 20 నుంచి 25 గ్రాములు, పెయ్యకూ వట్టిపోయిన పశువుకూ 50, పాలిచ్చేదానికి దిగుబడిని బట్టి 100 నుంచి 200. గేదె పాలలో లీటరుకు దాదాపు 1.8 గ్రాముల కాల్షియం పోతుందని గుర్తుంటే ఈ కొలత ఎక్కువనిపించదు. ఈనిన కొద్ది రోజులకు గేదెకు ఎర్రమూత్రం కనిపిస్తే భాస్వరం లోపం కావచ్చు. అప్పుడు ఇటుక కోసం కాదు, పశువైద్యుడి కోసం పరిగెత్తాలి.

సంచి మీద భారత ప్రమాణమైన ఐఎస్ 1664 గుర్తు చూసుకోవాలి. ఉప్పు కలిపినది, కలపనిది అని అందులో రెండు రకాలు. ఫ్లోరిన్‌కు అది హద్దు పెడుతుంది. శుద్ధి చేయని రాతి ఫాస్ఫేటుతో చేసిన చవక సరుకు పళ్ళనూ ఎముకలనూ పాడుచేస్తుంది. ఫ్లోరిన్ ఏం చేస్తుందో 1937లో నాటి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ నివేదికలతోనే తెలుగు నేల తెలుసుకుంది. పశువుల మిశ్రమం గొర్రెలకు పెట్టకూడదు, అందులోని రాగి వాటికి విషం.

ఇటుకను వానకు తడవని చోట, మూతికి అందే ఎత్తులో కట్టాలి. ఉప్పు నాకిన పశువు నీళ్ళు ఎక్కువ తాగుతుంది. వేసవిలో కాలువలు కట్టేసే వారాల్లో గోదావరి రైతు ఇటుక కట్టే ముందు పక్కనే నీళ్ళ తొట్టి నింపి ఉంచాలి.