కట్టుబడి మాన్యాలు

ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించి, కంపెనీ పాలన మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. రెడ్డి కథ రాయలసీమలో చిన్నపిల్లలకూ తెలుసు. పాటలున్నాయి, సినిమా కూడా వచ్చింది. ఆయన వెంట నడిచినవాళ్ల సంగతే పెద్దగా ఎవరూ ఎత్తరు. వాళ్లలో చాలామంది కట్టుబడులు. తాతతండ్రులు పాలెగాళ్ల దండులో బల్లెం పట్టినవాళ్లు, దండు పోయాక చేతిలో మాన్యం భూమి మాత్రం మిగిలినవాళ్లు.

పాలెగాళ్ల కాలంలో బంటుకు నెల జీతం అరుదు. కొలువుకు బదులు కొంత చేను మాన్యంగా దక్కేది. దానికి శిస్తు ఉండదు, ఉంటే గింటే నామమాత్రపు జోడి. దండు పిలుపు లేని రోజుల్లో బంటు ఆ చేలోనే జొన్న, కొర్ర పండించుకునేవాడు. ఊరి కావలి, దొంగల జాడ తీయడం, వసూలైన సొమ్ము కసబాకు పోతుంటే తోడు నడవడం కూడా అతని పనే. వీళ్లలో బోయలు ఎక్కువ. తండ్రి తర్వాత కొడుకు బల్లెం అందుకునేవాడు, చేనూ అతనికే వచ్చేది. కాబట్టి కొలువు ఎక్కడ ముగిసిందో, సేద్యం ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. చిక్కు ఒక్కటే: చాకిరీ ఉన్నంతకాలమే భూమి. అమ్ముకోవడానికి అది అతని సొత్తు కాదు.

1800 అక్టోబరులో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా సిపాయే. 1780లో క్యాడెట్‌గా మద్రాసులో దిగి, హైదరు మీదా టిప్పు మీదా యుద్ధాలు చేసి, ఆ తర్వాత జమాబందీ లెక్కల్లోకి మళ్లినవాడు. దత్తమండలంలో అతనికి ఎదురైనవాళ్లు సుమారు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద దాదాపు 30 వేలమంది సాయుధులు. జనరల్ క్యాంప్‌బెల్ సేనలు కోటలు పట్టుకున్నాయి. లొంగిన పాలెగాళ్లకు భరణాలు కట్టారు. బంట్లలో కొందరు ఊరి కావలికి మిగిలారు, వాళ్ల మాన్యాల మీద సర్కారు కన్ను పడింది.

మాన్యం పోతుందన్న బెదురు ఆ రోజుల్లో ఎంత ఉండేదో మంత్రాలయం కథ చెబుతుంది. మఠం ఇనాము విచారణకు మన్రో వస్తే, బృందావనం నుంచి రాఘవేంద్రస్వామి స్వయంగా అతనితో మాట్లాడారనీ, ఇనాము నిలిచిందనీ జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. బోయ బంటు పక్షాన మాట్లాడేందుకు ఏ బృందావనమూ లేదు.

ఓర్వకల్లు వైపు సంగతి వేరు. ఈ భాగం ఇంకో నాలుగు దశాబ్దాలు కర్నూలు నవాబు ఏలుబడిలోనే సాగింది. కోటలో ఆయుధాలు దాచాడన్న నేరం మీద 1839లో కంపెనీ నవాబు గులాం రసూల్ ఖాన్ మీదికి దండెత్తింది. అక్టోబరు 18న కర్నూలు పక్కనే జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. జీతానికి కత్తి పట్టిన అరబ్బులు, రోహిల్లాలు, పఠాన్లతో నిండిన అతని దండు చెల్లాచెదురైంది.

అప్పటికి కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల ప్రాంతంలో 1846 నాటికి సర్కారు మాన్యాలను తిరిగి లాక్కుంటోంది. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి వారసుడైన నరసింహారెడ్డికి వచ్చే భరణం నెలకు 11 రూపాయల చిల్లర. ఆయన కోపం ఆ భరణం దగ్గర మొదలైతే, కట్టుబడుల కోపం చేను దగ్గర మొదలైంది. రెండూ కలిసి జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాయి. అక్టోబరు 6న రెడ్డి చిక్కాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలను కోటకు వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది. అనుచరులు వందల సంఖ్యలో పట్టుబడ్డారు, చాలామంది ఏళ్ల తరబడి జైలు అనుభవించారు.

తిరుగుబాటు అణిగాక మిగిలిన పనిని కాగితాలు పూర్తిచేశాయి. మాన్యాల హక్కులు తేల్చేందుకు 1858లో మద్రాసు ప్రెసిడెన్సీ ఇనాం కమిషన్ వేసింది. మరుసటి ఏడు పోలీసు చట్టం వచ్చింది. జీతానికి పనిచేసే కానిస్టేబులు వచ్చాక ఊరి కావలి బంటుతో సర్కారుకు పెద్దగా అవసరం లేకపోయింది.

కొలువు చేసినవాడికి భూమి ఇచ్చే పద్ధతి మాత్రం పోలేదు. రెవెన్యూ బోర్డు నిబంధనల ప్రకారం అర్హుడైన మాజీ సైనికుడికి రెండున్నర ఎకరాల మాగాణి గాని, అయిదెకరాల మెట్ట గాని ఇవ్వవచ్చు. పేదలకిచ్చిన డీకేటీ పట్టాల అమ్మకాన్ని 1977 చట్టం అడ్డుకుంది. మాజీ సైనికుడికి మాత్రం పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలు కల్పిస్తూ 1993లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. కట్టుబడికి ఏనాడూ లేని హక్కు అది.

ఓర్వకల్లులో ఈ హక్కు విలువ ఇప్పుడు పెరిగింది. హైదరాబాద్-బెంగళూరు కారిడార్‌లో భాగంగా ఇక్కడి పారిశ్రామిక వాడకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఒకప్పుడు కొర్ర పండితే చాలనుకున్న మెట్ట చేలకు ఇప్పుడు ఫ్యాక్టరీల బేరం వస్తోంది. ఆ బేరంలో కూర్చోవాలంటే పట్టాలో ఏ షరతు రాసుందో, ఏ ఏడాది రాసుందో ముందు చూడాలి.