రేడియో నియంత్రిత ఆఫ్-రోడ్ ట్రక్కు సర్దుబాటు

రేడియో నియంత్రిత ఆఫ్-రోడ్ ట్రక్కు అనగా చేతిలోని ట్రాన్స్‌మీటరు పంపే రేడియో తరంగాలకు లోబడి మట్టి, ఇసుక, రాళ్ళు గల నేలపై నడిచే నమూనా వాహనం. వాడుకలో దీనిని ఆర్.సి. ట్రక్కు అంటారు. అసలు వాహనంలో పదో వంతు, ఎనిమిదో వంతు పరిమాణం గలవి ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి. బజారులో దొరికే బొమ్మ కారుకూ దీనికీ ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఇందులోని భాగాలను విప్పవచ్చు, మార్చవచ్చు, నేలకు తగినట్లు సర్దవచ్చు.

పెట్టెలో నుండి తీసిన ట్రక్కు ఏదో ఒక సగటు నేలను ఉద్దేశించి బిగించినది. పూర్వపు కృష్ణా జిల్లాలోని (2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లా) మెట్ట ప్రాంతాన్ని చూస్తే ఈ సగటు ఎంత అరుదో తెలుస్తుంది. రెడ్డిగూడెం మామిడి తోటల్లో ఎర్రనేల, నందిగామ, జగ్గయ్యపేట వైపు పత్తి పండే నల్లరేగడి, మున్నేటిలో ఇసుక ఉంటాయి. ఒకే అమరికతో ఈ మూడింటిపైనా ట్రక్కు సరిగా నడవదు.

చరిత్ర

జపానుకు చెందిన తమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో రేడియో నియంత్రిత కార్ల తయారీ ప్రారంభించింది. అదే సంస్థ 1979లో రఫ్ రైడర్ వంటి మట్టి నేల వాహనాలను తెచ్చింది. 1984లో అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ సంస్థ విడుదల చేసిన ఆర్.సి.10లో అల్యూమినియం చట్రం, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు ఉండేవి. సర్దుబాటు ఒక విద్యగా ఎదగడానికి ఇటువంటి వాహనాలే కారణం. 1987లో తమియా వారి క్లాడ్ బస్టర్ పెద్ద చక్రాల ట్రక్కులకు ఆదరణ తెచ్చింది.

తొలినాళ్ళలో 27 మెగాహెర్ట్జ్ వంటి పౌనఃపున్యాలను వాడేవారు. ఇద్దరి దగ్గర ఒకే క్రిస్టల్ ఉంటే ఒకరి ట్రక్కు మరొకరి మాట వినేది. 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చాక ఈ చిక్కు దాదాపు తొలగిపోయింది. భారతదేశంలో ఈ పట్టీలో తక్కువ శక్తి గల పరికరాలకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది.

టైర్లు

సర్దుబాటు టైర్ల నుండి మొదలుకావాలి. చాలామంది మొదట మోటారు మారుస్తారు. పట్టు లేని చక్రానికి ఎంత శక్తి ఇచ్చినా అది దుమ్ము లేపడానికే పోతుంది. ఎండిన ఎర్రనేలపై పైపొర వదులుగా ఉంటుంది కనుక చిన్న చిన్న ముళ్ళు గల మెత్తని టైరు మంచిది. ఇసుకలో వెడల్పైన తెడ్డు వంటి పట్టీలు కావాలి. నల్లరేగడి తడిస్తే ఏ టైరుకైనా అంటుకొని చక్రం బరువు పెంచుతుంది. అప్పుడు నడపకపోవడమే ఉత్తమం.

స్ప్రింగు, నూనె

స్ప్రింగు దెబ్బను తనలో దాచుకొని తిరిగి ఇస్తుంది. షాక్ అబ్జార్బరులోని నూనె, పిస్టను రంధ్రాల గుండా పోతూ ఆ శక్తిని వేడిగా మార్చి హరిస్తుంది. కనుక ట్రక్కు ఎంత ఎత్తున నిలుస్తుందో ప్రధానంగా స్ప్రింగు, ఎంత వేగంగా కదులుతుందో నూనె నిర్ణయిస్తాయి. ఈ భేదం తెలియక నూనె మార్చవలసిన చోట స్ప్రింగు బిగించేవారు ఎక్కువ.

దీనికి సులభమైన పరీక్ష ఉంది. బ్యాటరీతో సహా ట్రక్కును ఒక అడుగు ఎత్తు నుండి సమతలంపై వదలాలి. అడుగుభాగం నేలను తాకీ తాకనట్లు దిగి, లేచి ఒక్కసారిగా నిలదొక్కుకుంటే అమరిక దాదాపు సరిపోయినట్లే. రెండు మూడుసార్లు ఊగితే నూనె పలుచన. అడుగు గట్టిగా కొట్టుకుంటే చిక్కని నూనె గానీ గట్టి స్ప్రింగు గానీ అవసరం. దున్నిన చేలోని చిన్న గట్లపై మాత్రం పలుచని నూనె మేలు, ఎందుకంటే చక్రం ప్రతి గుంటలోనూ దిగి లేవగలగాలి.

ఈ నూనె సిలికాన్‌తో చేసినది. దీని చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. దీనికి బదులు ఇంజన్ ఆయిలు పోయరాదు. దాని వలన రబ్బరు రింగులు ఉబ్బి పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా వేడికి అది సిలికాన్ నూనె కంటే ఎక్కువగా పలుచనవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో సిలికాన్ నూనె కూడా కొంత పలుచబడుతుంది కాబట్టి శీతాకాలపు నూనె కంటే ఒక మెట్టు చిక్కనిది వాడటం మంచిది.

మలుపుల విషయంలో సాధారణ సూత్రం ఇది: ఏ వైపు మెత్తబడితే ఆ వైపు పట్టు పెరుగుతుంది. ట్రక్కు తిరగక నేరుగా పోతుంటే ముందు స్ప్రింగులను, తోక జారుతుంటే వెనుకవాటిని మెత్తబరచాలి. తారు రోడ్డు మీద ట్రక్కు మలుపులో బోర్లాపడితే ఎత్తు తగ్గించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి పుస్తకంలో రాసుకోవాలి, లేనిచో ఏది పనిచేసిందో తెలియదు.

గేర్లు, వేడి

మోటారు ఇరుసుపై ఉండే చిన్న పళ్ళచక్రం పినియన్, దానితో కలిసే పెద్దది స్పర్ గేరు. స్పర్‌కు 54, పినియన్‌కు 18 పళ్ళుంటే నిష్పత్తి 3. పినియన్‌ను 15 పళ్ళకు తగ్గిస్తే నిష్పత్తి 3.6 అవుతుంది. గరిష్ఠ వేగం ఆరో వంతు తగ్గినా లాగే బలం పెరిగి మోటారు చల్లగా ఉంటుంది. ఇసుకలో నడపాలంటే ఈ మార్పు తప్పనిసరి. రెండు గేర్ల మధ్య పలుచని కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం తీసివేస్తే సరైన ఎడం మిగులుతుంది. ఎడం లేకుండా బిగిస్తే పళ్ళు అరిగిపోతాయి, ఎక్కువైతే విరిగిపోతాయి. పల్లెటూరిలో ఉన్నవారికి విరిగిన పన్ను అంటే కొత్త గేరు వచ్చేదాకా ట్రక్కు అటక మీద ఉండటమే.

మోటారు 80 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. పరిసర ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరిగితే మోటారు వేడి కూడా సుమారు అంతే పెరుగుతుంది. జనవరిలో 70 డిగ్రీల వద్ద హాయిగా నడిచినది మే నెలలో హద్దు దాటుతుంది.

బ్యాటరీ

ప్రస్తుతం ఎక్కువగా వాడేది లిథియం పాలిమర్ బ్యాటరీ. ఒక్కో ఘటం నిండినప్పుడు 4.2 వోల్టులు ఉంటుంది, 3 వోల్టుల కంటే దిగితే పాడవుతుంది. అందుకే వేగ నియంత్రికలో తక్కువ వోల్టేజీ వద్ద ఆపే అమరిక తప్పక ఉంచాలి. ఈ బ్యాటరీని దానికై ఉద్దేశించిన బ్యాలెన్స్ చార్జరుతోనే, మనిషి దగ్గర ఉండగానే చార్జి చేయాలి. ఉబ్బినదానిని మళ్ళీ వాడరాదు. రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన కారులో ఉంచరాదు. పత్తి నిల్వ, గడ్డివాము దరిదాపుల్లో చార్జి చేయడం ఎంతమాత్రం తగదు. ఇది అంటుకుంటే మంట క్షణాల్లో పెరుగుతుంది. కొన్నాళ్ళు వాడకపోతే ఘటానికి సుమారు 3.8 వోల్టుల వద్ద ఉంచి దాచాలి.

ట్రాన్స్‌మీటరు

ముందు ట్రాన్స్‌మీటరు, తర్వాత ట్రక్కు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు ట్రక్కును, తర్వాత ట్రాన్స్‌మీటరును ఆపాలి. చక్రాలు నేలకు తగలకుండా ట్రక్కును దిమ్మెపై ఉంచి, ఫెయిల్‌సేఫ్ పనిచేస్తున్నదో లేదో ట్రాన్స్‌మీటరు ఆపి చూడాలి. సంకేతం తెగినప్పుడు చక్రాలు ఆగాలి, లేనిచో ఎనిమిదో వంతు ట్రక్కు పిల్లల కాళ్ళకు గాయం చేయగలదు. స్టీరింగు నేరుగా పోకపోతే ముందు సర్వో చేతిని సరిగా అమర్చి, మిగిలిన స్వల్ప తేడాను మాత్రమే ట్రిమ్‌తో దిద్దాలి.