తండ్రి పన్ను రిటర్నులో బిడ్డ చదువు

పన్నుల చట్టం అకౌంటెంట్లకూ ప్లీడర్లకూ సంబంధించిన వ్యవహారమనీ, విద్యార్థి వుద్యమాలకు దానితో పనిలేదనీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం వున్నది. ఫీజులు పెంచితే వూరేగింపు తీస్తాం. ఆదాయపు పన్ను రిటర్నులోని ఒక గడి మీద ఎవరు వూరేగింపు తీస్తారు? కాని ఒక ప్రభుత్వం ఎవరి బిడ్డల చదువుకు డబ్బు పెడుతున్నదో తెలుసుకోవాలంటే మంత్రుల ప్రసంగాల కంటె ఆ గడే ఎక్కువ చెబుతుంది. యీ విషయంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవం పరిశీలించదగ్గది.

అక్కడ కాలేజీ చదువు మొదటినుంచీ యింత ఖరీదుగా వుండేది కాదు. 1847లో న్యూయార్కు నగరంలో స్థాపించిన ఫ్రీ అకాడమీయే తర్వాత సిటీ కాలేజీ అయింది. అర్హులైన పగటి విద్యార్థుల వద్ద ఆ నగర విశ్వవిద్యాలయం 1976 దాకా ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. వలస వచ్చిన దర్జీల, కూలీల బిడ్డలు అక్కడ చదువుకుని పెద్దవాళ్ళయ్యారు. 1944లో యుద్ధంనుంచి తిరిగివచ్చే సైనికుల కోసం చేసిన చట్టం కింద దాదాపు 22 లక్షలమంది కాలేజీ మెట్లెక్కారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు ఆ తలుపు సరిగా తెరుచుకోలేదన్నది మరువరాదు. అయినా ఆ చట్టం ఒక ప్రశ్న అడగలేదు: నీ తండ్రి ఆదాయమెంత?

తండ్రి రిటర్నులోకి విద్యార్థి వచ్చింది మరొక దారిన. ఆశ్రితుడైన ప్రతి బిడ్డకూ తండ్రి ఆదాయంలో 600 డాలర్ల మీద పన్ను మినహాయింపు వుండేది. ఆ బిడ్డ ఏడాదిలో 600 డాలర్లు సంపాదించుకుంటే మినహాయింపు పోయేది. వేసవి సెలవుల్లో హోటల్లో పళ్ళాలు కడిగిన కుర్రవాడు తన సంపాదనతో తండ్రికి నష్టం తెచ్చేవాడన్నమాట. 1954 నాటి కొత్త చట్టం విద్యార్థుల విషయంలో యీ షరతు తీసివేసింది. మంచిదే. అయితే లెక్క వేసి చూడండి. ఆనాడు పన్ను రేట్లు 20 శాతం నుంచి 91 శాతం దాకా వుండేవి. అట్టడుగు రేటు కట్టే తండ్రికి ఆ 600 డాలర్ల మినహాయింపు మిగిల్చింది 120 డాలర్లు. పై రేటు కట్టే కోటీశ్వరుడికి 546 డాలర్లు. పన్ను కట్టేటంత ఆదాయమే లేనివాడికి సున్న. చట్టంలో ఎక్కడా ధనికుడికి ఎక్కువ యివ్వండని రాసి లేదు. రాయనక్కరలేకుండానే ఆ పని జరిగిపోయింది.

యీ అన్యాయానికి విరుగుడుగా వచ్చిందే పన్ను క్రెడిట్ అనే ఆలోచన. మినహాయింపు ఆదాయంలోంచి తీసేది. క్రెడిట్ కట్టవలసిన పన్నులోంచే తీసేది. కాబట్టి పన్ను వున్నవాళ్ళందరికీ ఒకే మొత్తం దక్కుతుంది. కనెక్టికట్ సెనేటరు ఏబ్రహాం రిబికాఫ్ 1964లో ఒక సవరణ తెచ్చాడు. ఫీజులకూ పుస్తకాలకూ అయ్యే ఖర్చులో తల్లిదండ్రులకు 325 డాలర్ల దాకా పన్నులో తగ్గించాలని దాని సారాంశం. జాన్సన్ ప్రభుత్వం గట్టిగా వ్యతిరేకించింది. సెనేటులో 48-45 ఓట్ల తేడాతో ఆ సవరణ ఓడిపోయింది. మరుసటి సంవత్సరమే వచ్చిన వున్నత విద్యాచట్టం వేరే బాట పట్టింది: అవసరమున్న విద్యార్థికి నేరుగా గ్రాంటు, ప్రభుత్వ హామీతో బ్యాంకు రుణం. 1972లో మొదలై తర్వాత పెల్ గ్రాంటు అనే పేరు తెచ్చుకున్న సాయం కూడా యీ బాటలోనిదే. పేద విద్యార్థికి సాయం కావాలంటే అది ఫీజు కట్టే రోజున అతని చేతికి రావాలన్న యింగితం ఆ విధానంలో వుంది.

మధ్యతరగతి అసంతృప్తి మాత్రం చల్లారలేదు. గ్రాంటుకు తాము ధనికులం, ఫీజుకు తాము పేదలం అన్నది వాళ్ళ వాదన. యిందులో అబద్ధం లేదు; యీ పత్రిక చదివే వుపాధ్యాయులెవరూ దాన్ని వెక్కిరించజాలరు. 1978లో మళ్ళీ ట్యూషన్ క్రెడిట్ బిల్లు ముందుకు వస్తే కార్టర్ దాన్ని అడ్డుకోవడానికి వేరొక చట్టం తెచ్చి, సబ్సిడీ రుణాలకున్న ఆదాయ పరిమితిని ఎత్తివేశాడు. మూడేళ్ళకు రీగన్ హయాంలో 30,000 డాలర్లు దాటిన కుటుంబాలకు మళ్ళీ అవసర పరీక్ష పెట్టారు. క్రెడిట్ తప్పించుకోవడానికి అప్పు యిచ్చారు. ఆ అప్పుకూ మళ్ళీ హద్దు గీశారు. యీలోగా ఫీజులు తమ దారిన తాము పెరుగుతూ పోయాయి.

1996 జూన్‌లో, ఎన్నికల సంవత్సరంలో, క్లింటన్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో తన పథకం ప్రకటించాడు. పేరు హోప్, అంటే ఆశ. ఆ పేరు జార్జియా రాష్ట్రంలో 1993లో లాటరీ టిక్కెట్ల డబ్బుతో మొదలైన స్కాలర్‌షిప్‌ది. 1997 ఆగస్టు 5న చట్టమైంది. మొదటి రెండేళ్ళ కాలేజీ చదువులో తొలి 1,000 డాలర్ల ఫీజు పూర్తిగా, తర్వాతి 1,000లో సగం, మొత్తం 1,500 డాలర్ల దాకా పన్నులో తగ్గింపు. ముప్పై మూడేళ్ళ క్రితం ఓడిన రిబికాఫ్ ఆలోచన గెలిచింది. ఎవరికి గెలిచింది?

1998 లెక్క తీసుకుందాం. ఇద్దరు పిల్లలున్న దంపతులకు ఆ సంవత్సరం 17,900 డాలర్ల దాకా ఆదాయపు పన్ను లేదు. తగ్గించడానికి పన్నే లేదు గనుక హోప్ కూడా లేదు. 75,000 సంపాదించే దంపతులకు పూర్తి 1,500. జంటకు 80,000 దాటాకనే ఆ క్రెడిట్ తరగడం మొదలయి, లక్ష దగ్గర ఆగిపోయేది. పైవాడికి హద్దు చట్టంలో అంకె రూపంలో కనిపిస్తుంది. కిందివాడికి హద్దు కనబడకుండానే వుంది. యీ కిందివాళ్ళు పన్నులు కట్టనివాళ్ళు కూడా కారు. వాళ్ళ జీతంలోంచి సామాజిక భద్రత, వైద్య బీమా పన్నుల కింద మొదటి డాలరు నుంచీ 7.65 శాతం కోత పడుతూనే వుంది. యింకొక మెలిక. గ్రాంటు వచ్చినంత మేరకు ఫీజు తగ్గినట్టే లెక్క. ఫీజు 1,500 వున్న చిన్న కాలేజీలో చేరిన పేద విద్యార్థికి 2,700 డాలర్ల పెల్ గ్రాంటు పూర్తిగా వస్తే, చట్టం దృష్టిలో అతనికి ఖర్చే లేదు. తిండీ, బస్సు ఛార్జీ, పుస్తకాలు చదువు ఖర్చులు కావట.

2009లో ఆర్థిక సంక్షోభం మధ్య ఒబామా ప్రభుత్వం హోప్‌ను సవరించి కొత్త పేరు పెట్టింది. మొత్తం 2,500 డాలర్లు, నాలుగేళ్ళ చదువుకు, పుస్తకాలు సహా. అందులో 40 శాతం, అంటే 1,000 దాకా, పన్ను లేనివాళ్ళకు సైతం నగదుగా తిరిగి వస్తుంది. యిది నిజమైన ముందడుగు; 2015లో శాశ్వతమయింది కూడా. అయితే ఆ 2,500 ధరలతోబాటు పెరిగేది కాదు. పైగా తండ్రి తన ఆశ్రితుడుగా చూపించుకున్న విద్యార్థి తన రెక్కల కష్టంతో ఫీజు కట్టుకున్నా, ఆ డబ్బు తండ్రే కట్టినట్టు చట్టం భావిస్తుంది. విద్యార్థి తానే రిటర్ను వేసుకుంటే? 24 ఏళ్ళ లోపు వాడై, తన పోషణలో సగమైనా తన సంపాదనతో భరించలేకపోతే, తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికి వుంటే, పెళ్ళాడి జంటగా రిటర్ను వేస్తే తప్ప, అతనికి ఆ నగదు భాగం రాదు. యింటితో సంబంధం తెగినవాణ్ణి గూడా చట్టం తండ్రి గుమ్మంలోనే నిలబెడుతుంది.

పైగా ఫీజు కట్టేది ఆగస్టులో; క్రెడిట్ అందేది మరుసటి వసంతంలో, రిటర్ను వేశాక. చేతిలో డబ్బున్నవాడే ఆగగలడు. జార్జి బల్మన్, కేరొలిన్ హాక్స్‌బీ అనే ఆర్థికవేత్తలు పన్ను రికార్డులు పరిశీలించి, యీ క్రెడిట్ల వల్ల కాలేజీలో చేరేవారి సంఖ్య దాదాపు పెరగలేదని 2015లో తేల్చారు. ఎట్లాగూ చేరేవాళ్ళకే డబ్బు అందిందన్నమాట. దీనికి పక్కన మరొక పరిశోధన పెట్టి చూడాలి. ఒహాయోలో, నార్త్ కేరొలైనాలో హెచ్ అండ్ ఆర్ బ్లాక్ పన్ను కార్యాలయాలకు వచ్చిన తక్కువ ఆదాయపు కుటుంబాలకు, అక్కడి గుమాస్తాలే రిటర్నులోని అంకెలు తీసుకుని సహాయ దరఖాస్తు నింపిపెట్టారు. హైస్కూలు చివరి సంవత్సరపు పిల్లల్లో కాలేజీలో చేరినవాళ్ళు 34 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. వూరికే సమాచారం చెప్పి పంపిన కుటుంబాల్లో మార్పు లేదు. కొన్ని నిమిషాల గుమాస్తా పని చేసిన మేలు వందల కోట్ల డాలర్ల రాయితీ చేయలేకపోయింది.

అమెరికా వెళ్ళిన మన తెలుగు విద్యార్థులకు యీ క్రెడిట్లతో సాధారణంగా సంబంధం లేదు. విద్యార్థి వీసా మీద వున్నవాణ్ణి మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను చట్టం నివాసిగా పరిగణించదు. నివాసి కానివానికి క్రెడిట్ లేదు. భారతదేశంతో వున్న పన్ను ఒప్పందం ప్రకారం ప్రామాణిక మినహాయింపు మాత్రం దక్కుతుంది. యిక అతణ్ణి పంపిన తండ్రి సంగతి. మన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80-ఇ సెక్షను, బిడ్డ చదువుకు బ్యాంకులో తెచ్చిన అప్పు మీద కట్టిన వడ్డీని ఎనిమిదేళ్ళ దాకా ఆదాయంలోంచి తీసివేయనిచ్చింది. జీతం మీద 30 శాతం పన్ను కట్టే ఇంజనీరుకు లక్ష వడ్డీ మీద 30,000 రూపాయలు మిగిలాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గనుక, పొలం తాకట్టు పెట్టి అదే బ్యాంకులో అదే వడ్డీకి అప్పు తెచ్చిన రైతుకు ఏమీ మిగల్లేదు. వూళ్ళో వడ్డీ వ్యాపారి దగ్గర నోటు రాసినవాడి సంగతి ఆ సెక్షనులో అసలు లేనే లేదు.