జె.ఆర్.డి. టాటా (1904–1993): ఎయిరిండియా మాజీ గుమాస్తా నివాళి

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానం స్వయంగా నడిపి తెచ్చారు. అక్కడి నుంచి టపాను నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. మన తెలుగువారు తరతరాలుగా ఉంటున్న బళ్ళారి ఆ తొలి దారిలో మజిలీ అన్నమాట!

ఆ టాటా ఎయిర్‌లైన్సే 1946లో ఎయిరిండియా అయింది. 1953లో జాతీయం చేశాక కూడా ఆయన జీతం పుచ్చుకోకుండానే ఛైర్మన్‌గా ఉన్నారు. విమానం ఎక్కిన ప్రతిసారీ లోపాలు రాసి పంపేవారు, టీ రంగుతో సహా. 1978లో ప్రభుత్వం ఆయన్ని తప్పించింది. నేను ఉద్యోగంలో చేరింది ఆ తరువాతే. అయినా మా పెద్ద గుమాస్తాలు ఫైలు సర్దేటప్పుడు ఆయన చూస్తారేమోనన్నట్టే సర్దేవారు.

1982లో, 78 ఏళ్ళ వయసులో, కరాచీ–బొంబాయి ప్రయాణాన్ని మళ్ళీ ఒంటరిగా చేశారు.