వర్ణాంధత్వం – అతుకుల బొంతకు బట్టల ఎంపిక

వర్ణాంధత్వం ఉన్నవారు అతుకుల బొంత (క్విల్ట్) కుట్టాలన్నా, వారికోసం మరొకరు కుట్టాలన్నా బట్టల ఎంపికలో రంగు కన్నా ముదురు–లేత తేడాకే ప్రాధాన్యం ఇవ్వాలి. బొంత మీది నమూనా కంటికి ఆనేది ప్రధానంగా ఆ తేడావల్లనే.

కారణం

రెటీనాలో రంగులను పసిగట్టే శంకు కణాలు మూడు రకాలు. వాటిలో ఒక రకం లేకున్నా, సరిగా పనిచేయకున్నా కొన్ని రంగులు ఒకేలా కనిపిస్తాయి. ఎక్కువమందిలో ఉండేది ఎరుపు–ఆకుపచ్చ లోపం. సంబంధిత జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నందున ఇది మగవారిలో అధికం. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి, స్త్రీలలో సుమారు 0.5 శాతం మందికి ఈ లోపం ఉంటుంది.

తికమకపెట్టే జంటలు

ఆకుపచ్చ–గోధుమ, ఊదా–నీలం, లేత గులాబీ–బూడిద రంగులు పక్కపక్కన పడితే అతుకు గీత మాయమవుతుంది. కొందరికి ఎరుపు దాదాపు నలుపులా కనిపిస్తుంది. నీలం–పసుపు జంటతో ఎరుపు–ఆకుపచ్చ లోపం ఉన్నవారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ముదురు–లేత తేడా

అమెరికాలో 19వ శతాబ్దం నుంచి ప్రచారంలో ఉన్న 'లాగ్ క్యాబిన్' నమూనాలో నడిమి చతురస్రం చుట్టూ పట్టీలు కుడతారు. ఒక సగానికి లేత బట్టలు, మరో సగానికి ముదురువి వాడితే చాలు, రంగులేవైనా నమూనా నిలుస్తుంది. 'టంబ్లింగ్ బ్లాక్స్'లో లేత, మధ్యస్థ, ముదురు ఛాయలు మూడూ కుదిరితేనే ముక్కలు ఘనాల్లా కనిపిస్తాయి.

ఎంపిక పద్ధతులు

బట్టలను వరసగా పరిచి ఫోనులో నలుపు–తెలుపు ఫొటో తీస్తే ఛాయల తేడా తెలుస్తుంది. అయితే ఎరుపు నల్లగా కనిపించేవారికి ఈ ఫొటో పూర్తిగా నమ్మదగినది కాదు. ఫొటోలో ఎరుపు మరీ అంత ముదురుగా పడదు. చారలు, చుక్కలు, పెద్ద పూల అచ్చులు కలిపి వాడితే రంగు తెలియకపోయినా ముక్కలు వేరుపడతాయి. కత్తిరించిన ముక్కలకు రంగు పేరు రాసిన చీటీలు గుచ్చుకోవడం మంచిది.

వెలుతురును బట్టి కూడా రంగు మారుతుంది. వర్ణాంధుడైన రసాయన శాస్త్రవేత్త జాన్ డాల్టన్ 1794లో మాంచెస్టర్‌లో తన చూపు గురించి ప్రసంగించాడు. ఒక గులాబీ రంగు జెరేనియం పువ్వు పగటి వెలుగులో ఆకాశనీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా తనకు కనిపించిందని అందులో వివరించాడు. అందుకే దుకాణం దీపాల కింద నచ్చిన బట్టను పగటి వెలుతురులోనూ చూడాలి.

పరిమితి

ఛాయ కుదిరినంత మాత్రాన ఇతరుల కంటికి రంగులు పొసగకపోవచ్చు. ఒకే కంపెనీ ఒక వరుసగా విడుదల చేసిన బట్టల్లో రంగులు ముందే జోడించి ఉంటాయి కనుక, వాటినుంచి ఎంచుకుంటే ఈ చిక్కు తగ్గుతుంది.