ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె అంతా గాలించం కదా! ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. రోదసిలోకి పంపే ఎలక్ట్రానిక్ సామానుకీ ఇదే పద్ధతంటే నమ్ముతారా? కాకపోతే అక్కడ ఒక్క మెతుకు చాలదు.

1962 జూలై 10న అమెరికా నుంచి టెల్‌స్టార్ ఉపగ్రహం ఎగిరింది. 77 కిలోల ఆ గోళం అట్లాంటిక్ సముద్రం మీదుగా టెలివిజన్ బొమ్మల్ని దాటించి లోకాన్ని మురిపించింది. దాని దురదృష్టం చూడండి! సరిగ్గా ముందురోజే ఆ అమెరికాయే పసిఫిక్ సముద్రం మీద 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబు పేల్చింది. అందులోంచి పుట్టిన ఎలక్ట్రాన్లు భూమి చుట్టూ చిక్కుకుపోయి, దారిన పోయే ఉపగ్రహాల్ని పీడించాయి. నవంబరులో టెల్‌స్టార్ చెప్పినమాట వినడం మానేసింది.

ఇంజనీర్లు కింద కూర్చునే జబ్బు కనిపెట్టారు. రేడియేషన్ వల్ల ట్రాన్సిస్టర్ డబ్బీలోని వాయువు విద్యుదావేశం పొంది లోపల పేరుకుంటోంది. కాసేపు కరెంటు ఆపితే తేరుకుంటుంది! ఆ దెబ్బతిన్న సర్క్యూటుకి అర్థమయ్యేలా సంకేతాలు మార్చి పంపారు. 1963 జనవరిలో లేచి కూర్చుంది. పాపం, ఫిబ్రవరి 21న మళ్ళీ మూగబోయింది, ఇక పలకలేదు.

పైకి మెకానిక్కుని పంపలేం. ముందే ఏరుకోవాలి. కోబాల్ట్-60 గామా కిరణాల్లో పెట్టి చూడొచ్చు గానీ, అలా దెబ్బతిన్నది మళ్ళీ పనికిరాదే! అగ్గిపుల్లలన్నీ గీసి చూస్తే పొయ్యి వెలిగించడానికేం మిగులుతుంది? అందుకని ఒకే వాయిలో తయారైనవాటిలో కొన్నింటిని బలిచ్చి, మిగతావాటి గుణం లెక్కకడతారు. 22 పరీక్షిస్తే అన్నీ నెగ్గాయనుకోండి. 100కి 10 నాసివి ఉన్న వాయి అలా మన కళ్ళుగప్పే అవకాశం 100కి 10 పాళ్ళే. కానీ ఈ వాయి గారెలు కుదిరాయని తరువాతి వాయికి హామీ ఇవ్వగలమా? మళ్ళీ పరీక్షించాల్సిందే.

ఇంతా చేసి, 2024లో గురుగ్రహం వైపు బయలుదేరబోతున్న యూరోపా క్లిప్పర్‌లో కొన్ని ట్రాన్సిస్టర్లు అనుకున్నంత గట్టివి కావని ఆఖరి నెలల్లో తేలింది. విప్పి మార్చాలంటే తరుణం దాటిపోతుంది. నెలల తరబడి పరీక్షలు చేశారు. గురుగ్రహం దగ్గరి రేడియేషన్లో దెబ్బతిన్నా, దూరంగా తిరిగే రోజుల్లో అవి చాలావరకు కోలుకుంటాయని తేల్చుకుని అక్టోబరు 14న పంపించారు.

టెల్‌స్టార్ నేర్పిన పాఠమే చూశారా! యంత్రానికైనా కాస్త విశ్రాంతి కావాలి. మరి వంటింట్లో వాళ్ళ సంగతి ఎవరు లెక్కకడతారో!