మాతృభాషలో చదువు – చట్టం నడిచిన దారి

1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ప్రాంతం ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. అక్కడి తెలుగు కుటుంబాలు ఊరు విడువలేదు, ఇల్లు మారలేదు. సరిహద్దు రేఖ మాత్రమే జరిగింది. అయినా ఆ ఒక్క దినంతో వారి బిడ్డలు అల్పసంఖ్యాక భాషావర్గానికి చెందినవారయ్యారు. భాషా ప్రాతిపదికపై రాష్ట్రాలను ఏర్పరచినప్పుడు రేఖను ఎక్కడ గీసినా కొందరు దానికి ఆవల మిగిలిపోక తప్పదు. అటువంటివారి పిల్లలు ఏ భాషలో ఓనమాలు దిద్దుకోవాలి? ఈ ప్రశ్నకు రాజ్యాంగం, న్యాయస్థానాలు ఒక్కసారిగా కాక క్రమక్రమంగా సమాధానం చెబుతూ వచ్చాయి.

రాజ్యాంగం అమలులోకి రాకముందే, 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక తీర్మానం చేసింది. ప్రాథమిక విద్య మాతృభాషలోనే సాగాలి. ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తంలో 40 మంది గాని ఆ భాష మాట్లాడే పిల్లలున్నట్లయితే, కనీసం ఒక ఉపాధ్యాయుని నియమించాలి. ఏది మాతృభాష అన్నది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు తెలిపిన దానిని బట్టి నిర్ణయం కావాలి. ప్రాంతీయ భాషను మూడవ తరగతికి ముందుగా కాక, ప్రాథమిక దశ ముగిసేలోగా ప్రవేశపెట్టాలి. అనగా తొలినుండీ ఉద్దేశించినది రెండు భాషల చదువే. ఇంటి భాష పునాదిగా ఉండాలి. నాటి భాష దానికి తోడుగా రావాలి. ఒకటి మరొకదానిని తొలగించాలని ఎవరూ తలచలేదు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 29వ అధికరణంలో తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కును, 30వ అధికరణంలో తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును ప్రసాదించింది. స్వయంగా బడి పెట్టుకొనే స్తోమత గలవారికి ఇవి గొప్ప అండ. ప్రభుత్వ పాఠశాలనే నమ్ముకొన్న పేదబిడ్డకు ఇవి చాలలేదు. ఈ లోటును ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తన 1955 నాటి నివేదికలో గుర్తించింది. దాని ఫలితంగా 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది ఆదేశించింది. ఆ సౌకర్యాలకై రాష్ట్రాలకు అవసరమైన ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్రపతికి లభించింది. 350బి అధికరణం ప్రకారం ప్రత్యేకాధికారి నియామకానికి కూడా ఏర్పాటు జరిగింది.

అయితే 350ఎలో ఉన్న మాట ‘ప్రయత్నం’. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా బోధనా మాధ్యమం ‘సాధ్యమైనంతవరకు’ మాతృభాషగా ఉండాలనే అన్నది. ఈ మాటల మెత్తదనమే పిమ్మట వచ్చిన వివాదాలకు తావిచ్చింది.

తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి మొదలు ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళాన్ని తప్పనిసరి మొదటి భాషగా చేసింది. తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ భాషల పిల్లలకు మాతృభాష ఐచ్ఛికమైంది. ఆ తొలి జట్టు 2016లో పదవ తరగతి పరీక్షకు చేరేసరికి వ్యవహారం మద్రాసు హైకోర్టుకెక్కింది. భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు తమిళ పరీక్ష నుండి మినహాయింపు లభించింది. 2023లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరొక సంవత్సరం పొడిగించింది. ఏడాదికొకమారు దొరికే ఊరట హక్కుకు సాటి రాదు. తాము పుట్టి పెరిగిన నేల భాషను నేర్వడం పిల్లలకు మేలే. కాని ఒక భాషలో పరీక్షను తప్పనిసరి చేసిన చట్టం, ఆ భాషను, ఇంటి భాషను కూడా బోధించగల ఉపాధ్యాయులను సమకూర్చినప్పుడే అది ద్విభాషా విద్య అవుతుంది.

కర్ణాటకలో వివాదం మరొక రూపం దాల్చింది. ఒకటి నుండి నాలుగవ తరగతి వరకు మాతృభాషలో గాని కన్నడంలో గాని బోధించాలని 1994లో అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. 2014 మే 6వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దానిపై తీర్పు చెబుతూ, బిడ్డ మాతృభాషను నిర్ణయించేది తల్లిదండ్రులే కాని ప్రభుత్వం కాదన్నది. ఏ మాధ్యమాన్నీ బలవంతంగా రుద్దరాదని కూడా స్పష్టం చేసింది.

ఈ తీర్పుతో తల్లిదండ్రుల స్వేచ్ఛకు బలం చేకూరింది. అంతకు మించి వారి బాధ్యత పెరిగింది. 1949లో తీర్మానం చేసినవారు తల్లిదండ్రుల మాటకే విలువ ఇచ్చారు; 2014లో న్యాయమూర్తులూ ఆ మాటకే విలువ ఇచ్చారు. 10 మంది, 40 మంది అన్న లెక్క కూడా అక్కడినుండే మొదలవుతుంది. తరగతిలో పదవ బిడ్డ పేరు తగ్గినప్పుడు ఉపాధ్యాయ నియామకం కోరే ఆధారం సడలుతుంది. ఉపాధ్యాయుడు లేనప్పుడు మిగిలిన తొమ్మిది మంది కూడా వెళ్లిపోతారు. పాఠశాల ప్రవేశ దరఖాస్తులో ‘మాతృభాష’ అన్న గడి చాలా చిన్నది. కాని డెబ్బది అయిదేళ్ల చట్టచరిత్ర సాధించిన హక్కు ప్రతి జూన్ మాసంలో ఆ గడిలో వ్రాసే ఒక్క మాటపైనే నిలిచి ఉన్నది.